వాల్టర్ ఎలియట్

సర్ వాల్టర్ ఎలియట్ (1803 జనవరి 16 – 1887 మార్చి 1) మద్రాసు సివిల్ సర్వీసు అధికారి, శాసన పరిశోధకుడు, దక్షిణ భారత నాణేల అధ్యయనానికి ఆద్యులలో ఒకడు.

ఎడిన్‌బరోలో జన్మించి 1821లో మద్రాసు చేరాడు. 1824 నాటి కిత్తూరు తిరుగుబాటులో బందీగా చిక్కి విడుదలయ్యాడు. 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారుల కమిషనరు. అమరావతి స్తూపపు త్రవ్వకాల వలన ఇతనికి పేరు వచ్చినది గాని, నాణేల సేకరణలో ఇతని కృషి అంతకు తక్కువది కాదు.

'''నెల్లూరు తీరపు నాణేలు'''

1786లో నెల్లూరు సమీపాన ఒక రైతు పొలము దున్నుచుండగా రోమను బంగారు నాణేల కుండ బయల్పడినది. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలపు ఆ నాణేలు పలువురి చేతులు మారి, అనేకము పాత బంగారముగా కరిగిపోయినవి. ఎలియట్ మాత్రము ఎవరూ లక్ష్యపెట్టని చిల్లర నాణేలను కూడ శ్రద్ధగా పరిశీలించాడు. నెల్లూరు మొదలు కడలూరు, పుదుచ్చేరి వరకు గల ఇసుక దిబ్బలపై పెనుగాలులు, భారీ వర్షాల తరువాత బీదజనము ఏరుకొను చిన్న బిళ్ళలవి. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ గల నాణేలను ఇతడు కురుంబరులవో, పల్లవులవో అని తలచాడు. తరువాతి పండితులు అవి శాతవాహనులవని తేల్చారు. అయినను దొరికిన తావులను నమోదు చేయుట వలన ఆ వివరములు నేటికీ ఉపయోగపడుచున్నవి.

వృద్ధాప్యములో చూపు దాదాపు పూర్తిగా పోయినను, దక్షిణ భారత నాణేలపై తన గ్రంథమును 1880వ దశకములో వెలువరించాడు. మరణించిన నాటి ఉదయము కూడ, తిరుక్కురళ్ అనువాదమును గూర్చి జి.యు.పోప్‌కు లేఖ చెప్పి వ్రాయించాడు.