వంగిన వ్రేళ్లను విప్పిన శస్త్రవైద్యుడు

1777వ సంవత్సరమున లండను నగరమందు హెన్రీ క్లైన్ అను శస్త్రవైద్యుడు, వ్రేళ్లు అరచేతిలోనికి ముడుచుకొనిపోయిన శవహస్తములను కోసి పరిశీలించి, దోషము వ్రేళ్లను వంచెడి స్నాయువులలో లేదనియు, చర్మము క్రిందనుండు గట్టిపొరలో నున్నదనియు గుర్తించెను. ఆ సంగతి ఆయన ఉపన్యాసములు వినిన విద్యార్థుల వ్రాతలను దాటి ఎక్కువ దూరము పోలేదు. ఆ సంవత్సరముననే అక్టోబరు నెలలో, ఫ్రాన్సు దేశపు లిమోజు నగరమునకు సమీపమున పియెర్-బుఫియేర్ అను చిన్న ఊరిలో గియోమ్ డ్యూప్విత్రెన్ జన్మించెను. నేడు ఆ వ్యాధిని లోకము ఈయన పేరుతోనే పిలుచుచున్నది. కీర్తి పంపకములో ఇట్టి చిత్రములు అరుదు కావు.

తండ్రి న్యాయవాది; సంపాదన స్వల్పము. పసితనమున ఈ బాలుని అందమును చూచి ముచ్చటపడి ఒక ధనిక స్త్రీ ఎత్తుకొనిపోయెననియు, తండ్రి వెంటబడి తెచ్చుకొనెననియు ఒక కథ కలదు. దానిని నమ్మినను నమ్మకున్నను, తరువాతి సంగతి మాత్రము స్థిరమైనది: ఆ ఊరి మీదుగా పోవుచున్న ఒక ఆశ్వికసేనాధికారి బాలుని తెలివికి ఆశ్చర్యపడి, పారిస్ నగరమునకు తీసికొనిపోయి చదువు చెప్పించెను. విప్లవపు రోజులు, తిండికి కఱవు. దీపమునకు నూనె కొనలేక శవముల కొవ్వుతో దీపము వెలిగించుకొని చదివెనని తోటివారు చెప్పుకొనెడివారు. పదునెనిమిదవ యేట, 1795లో, పోటీ పరీక్షలో గెలిచి వైద్యకళాశాలలో శవచ్ఛేదము చేయు ఉద్యోగమును సంపాదించెను. 1802లో ఓతెల్-ద్యూ అను ప్రాచీనమైన ధర్మాసుపత్రిలో ప్రవేశించి, 1815 నాటికి దాని ప్రధాన శస్త్రవైద్యుడయ్యెను.

అచ్చట ఆయన దినచర్య గడియారమునకు సాటివచ్చునది. తెల్లవారక ముందే ఆసుపత్రికి వచ్చి, వందలకొలది శిష్యులు వెంటరాగా రోగులను చూచి, పాఠము చెప్పి, శస్త్రచికిత్సలు చేసి, శవపరీక్షలతో ముగించెడివాడు. సెలవు తీసికొనుట ఆయనకు తెలియదు. స్వభావము కఠినము, సహాధ్యాయులతో స్నేహము లేదు, ఎదిగివచ్చు యువకుని చూచిన ఓర్వలేడు. సమకాలికులలో ఆయన నేర్పును కాదనినవారు లేరు, ఆయనను ప్రేమించినవారును పెక్కురు లేరు. 1820 ఫిబ్రవరిలో బెర్రీ ప్రభువును హంతకుడు పొడిచినప్పుడు రాత్రికి రాత్రి పిలువబడిన వైద్యులలో ఈయన ముఖ్యుడు. ప్రభువు దక్కలేదు. కాని రాజానుగ్రహము, ప్రభు బిరుదము దక్కినవి. గొప్ప ధనమును కూడినది. బాల్జాక్ 1836లో ప్రకటించిన ఒక కథలో డెప్లెన్ అను శస్త్రవైద్యునికి మూలము ఈయనయే.

ఇక చేతి సంగతి. ఈ వ్యాధి చిత్రమైనది. మొదట అరచేతిలో, ఉంగరపు వ్రేలి మొదట, చిన్న గంటు వంటిది కనబడును. కొన్నియేండ్లకు అది త్రాడువలె సాగి వ్రేలిని లోపలికి లాగును. నొప్పి యుండదు. నొప్పి లేనందువలననే రోగి ఉపేక్షించును. ఉపేక్షించినకొలది వ్రేలు వంగును. తుదకు చేతొడుగు తొడుగుకొనుటకు గాని, ముఖము కడుగుకొనుటకు గాని, పరుల చేయి పట్టుకొనుటకు గాని వీలుకాదు. అప్పటి వైద్యులు దీనికి ధూమము పట్టించిరి, జలగలు పట్టించిరి, పాదరసపు లేపనములు రుద్దిరి. డ్యూప్విత్రెన్ కూడ ఇవన్నియు ప్రయత్నించి విఫలుడయ్యెను. స్నాయువులను కోసినవారును కలరు. అట్టి రోగుల వ్రేళ్లు పనికిరాకుండ పోయినవి, కొందఱికి ప్రాణాపాయమును కలిగినది.

ఈ వ్యాధిగల ఒక వృద్ధునిపై ఆయన చిరకాలముగా దృష్టి నుంచెను. ఆ వృద్ధుడు మరణింపగా ఆ చేతిని తెప్పించి, మొదట చిత్రము వ్రాయించి, తరువాత పొరపొరగా విప్పెను. చర్మమును తొలగించినను వ్రేళ్లు చాగలేదు. కనుక దోషము చర్మమందు లేదు. స్నాయువులు నున్నగా, స్వేచ్ఛగా కదలుచున్నవి. కీళ్లు బాగుగా నున్నవి. అరచేతి గట్టిపొర నుండి వ్రేళ్ల మొదళ్లకు పోవు పోగులు మాత్రము తీగవలె బిగిసియున్నవి. వానిని కోయగనే వ్రేళ్లు చాగినవి. ఒక్కొక్క అనుమానమును వరుసగా తొలగించుకొనుచు పోయిన ఈ పద్ధతి నేటి విద్యార్థికిని చూపదగినది.

బ్రదికియున్న చేతిపై దీనిని పరీక్షించు అవకాశము 1831లో వచ్చెను. రోగి ఒక ద్రాక్షసారాయి వర్తకుడు. ఇరువదియేండ్ల క్రిందట, 1811లో, పీపాలు దింపించుచు ఎడమచేతితో ఒక దానిని ఎత్తబోగా అరచేతిలో ఏదో పిటుక్కుమనినట్లయ్యెను. కొన్నాళ్లకు ఆ సంగతి మఱచెను. తరువాత ఉంగరపు వ్రేలు వంగనారంభించెను. నొప్పి లేదు గదా యని ఊరకుండెను. 1831 నాటికి ఆ వ్రేలును చిటికెన వ్రేలును పూర్తిగా మడిచి అరచేతికి అతుకుకొనిపోయెను. అతడు చూపించుకొనిన వైద్యులందఱు స్నాయువులను కోయవలెననిరి. రెండింటిని కోయవలెనని కొందఱు, ఒకటి చాలునని కొందఱు. వర్తకుని సంకటము ఊహింపదగినది. కోయించుకొనకున్న రెండువ్రేళ్లు పోయినట్లే. కోయించుకొనిన, చేయియే పోవచ్చును. స్పృహ తప్పించు ఈథరు వాడుకలోనికి వచ్చుటకు ఇంకను పదునైదేండ్లున్నవి. గాయము చీము పట్టకుండ కాపాడు లిస్టరు పద్ధతికి ఇంకను ముప్పదియైదేండ్లకు పైగా నున్నది.

డ్యూప్విత్రెన్ చూచి, స్నాయువులను ముట్టవలసిన పనిలేదనెను. జూను 12వ తేదీన శస్త్రచికిత్స జరిగెను. ఉంగరపు వ్రేలి మొదట అడ్డముగా, అంగుళమునకు కొంచెము తక్కువ పొడవున ఒక కోత. పొర తెగునప్పుడు చిటచిట ధ్వని వినబడెనట. వ్రేలు వెంటనే చాగెను. చిటికెన వ్రేలు మాత్రము అంత సులభముగా లొంగలేదు. రోగికి ఇంకొక గాయము బాధ తప్పింపవలెనని, మొదటి కోతనుండియే కత్తిని చర్మము క్రిందుగా జరిపి చూచెను; ప్రయోజనము లేకపోయెను. ఆ పిమ్మట ఆ వ్రేలిమీదనే మఱికొన్ని కోతలు వేయవలసివచ్చెను. గాయములను కుట్టలేదు, పొడి దూది వంటి దానితో కప్పి, వ్రేళ్లను చాచి చేతి వెనుక బిగించిన పరికరమునకు కట్టిరి. వాపు వచ్చి తగ్గెను. జూలై మొదటి దినములలో గాయములు మానెను. ఆ తరువాత కూడ చాలకాలము ఆ పరికరమును ధరింపవలసియుండెను. కత్తి పని కొద్ది నిమిషములు. కట్టు పని నెలలు.

ఆ డిసెంబరు 5వ తేదీన ఆయన ఈ విషయముపై ఉపన్యసించి, ఒక గుఱ్ఱపుబండి తోలువానికి అదే చికిత్సను చేసి చూపెను. ఆయన వ్రాయుటకు ఇష్టపడువాడు కాడు. శిష్యులు వ్రాసికొని ప్రకటించినందువలన ఆ ఉపన్యాసము దేశదేశములకు వ్యాపించెను. క్లైన్ శిష్యుడైన ఆస్ట్లీ కూపరు 1822లోనే ఇట్టి చికిత్సను సూచించియుండెను గాని, పేరు మాత్రము డ్యూప్విత్రెనుదే నిలిచినది. కొరడా, పీపా, పనిముట్లు పట్టుకొని అరచేయి ఒరసికొనుటయే వ్యాధికి కారణమని ఆయన తలచెను. వంశపారంపర్యమే ముఖ్యకారణమని ఇప్పుడు తెలియును. ఉత్తర ఐరోపావారిలో ఇది ఎక్కువ. మన దేశమున అరుదు.

ఎప్పుడు కోయించుకొనవలెనను ప్రశ్నకు ఆ వర్తకుని చేతిలోనే సమాధానము కొంత యున్నది. వ్రేలి మొదటనున్న కీలు ఎంతకాలము వంగియున్నను పొర తెగినచో సాధారణముగా చాగును. వ్రేలి నడిమి కీలు అట్లు కాదు. వంగి చాలకాలముండిన అదియే బిగిసిపోవును, పొరను కోసినను పూర్తిగా తిరిగిరాదు. గంటు మాత్రమే యుండి వ్రేలు చాగుచున్నచో కత్తి అక్కఱలేదు; తొందరపడి కోయించుకొనినను వ్యాధి మరల రావచ్చును. అరచేతిని బల్లపై బోర్లించి చూడుము: పూర్తిగా ఆనుచున్నంతకాలము వేచియుండవచ్చును, ఆననప్పుడు వైద్యుని చూడవలెను. ఈ తేలికయైన పరీక్షను నేటి వైద్యులును వాడుచున్నారు. అరచేతి గాయమును కుట్టక వదలుటయు 1964లో మకాష్ అను వైద్యుని వలన మరల ఆదరణకు వచ్చెను.

1833 నవంబరులో డ్యూప్విత్రెనునకు పక్షవాతము సోకెను. మూతి వంకరపోయినను ఆనాటి పాఠమును ఆయన మానలేదు. ఇటలీకి పోయి కొంత కోలుకొని వచ్చి, మరల ఆసుపత్రిలో పని ప్రారంభించెను. కొలది కాలమునకే రొమ్ములో నీరు చేరెను. ప్రక్కను పొడిచి దానిని తీయవలెనని తోటివైద్యులు సలహా చెప్పిరి. ఆయన మొదట ఒప్పుకొనెననియు, తరువాత ఆలోచించి, మనుష్యుని చేతిలో కంటె దైవము చేతిలో పోవుటయే మేలని వలదనెననియు చెప్పుదురు. వేలకొలది రోగుల విషయమున ఈ నిర్ణయమును తానే చేసిన మనుష్యుడు తనకు ఆ లెక్కను వేసికొని, దక్కు దినములు కొద్దియేనని తెలిసికొనియుండవచ్చును. 1835 ఫిబ్రవరి 8వ తేదీన మరణించెను.

వ్యాధిగ్రస్తమైన అవయవముల శాస్త్రమును బోధించుటకు ఒక ఆచార్యపీఠము నెలకొల్పవలెనని రెండులక్షల ఫ్రాంకులు విడిచిపోయెను. ఆ ధనము మూలమున ఆ సంవత్సరముననే ఆయన పేర మ్యూజియము ఏర్పడెను. 2016లో దాని తలుపులు మూసి వస్తువులను విశ్వవిద్యాలయపు మఱొక ప్రాంగణమునకు తరలించిరి. తన శవమును సహితము పరీక్షింపవలెనని ఆయన ముందుగనే కోరియుండెను. క్రువేలియే, బ్రూసే అను వైద్యులు ఆ కోరికను నెరవేర్చిరి.