విజయానంద గజపతిరాజు
పూసపాటి విజయానంద గజపతిరాజు (డిసెంబర్ 28, 1905 - డిసెంబర్ 2, 1965) భారత క్రికెట్ జట్టు మాజీ నాయకుడు, రేడియో వ్యాఖ్యాత. విజయనగర రాజవంశానికి చెందిన ఇతడు విజ్జీగా సుప్రసిద్ధుడు.

1930-31లో ఇతడు సొంత ఖర్చుతో కూర్చిన జట్టులో ఇంగ్లాండు దిగ్గజాలు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ ఆడారు. 1936 ఇంగ్లాండు పర్యటనకు నాయకత్వం మాత్రం ఆటకంటె పలుకుబడి వల్లనే లభించిందని చెప్పక తప్పదు. ఆ పర్యటనలో బాగా రాణిస్తున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట మొదటి టెస్టుకు ముందే స్వదేశానికి పంపివేశారు. మూడు టెస్టులలో భారత్ రెండింట ఓడింది. విజ్జీ చేసినవి మొత్తం 33 పరుగులు, సగటు 8.25. అయినను అదే సంవత్సరం బ్రిటిష్ ప్రభుత్వం ఇతనికి సర్ బిరుదునిచ్చింది! 1937లో బ్యూమాంట్ విచారణ సంఘం అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చి, విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. ఇతడు మళ్ళీ టెస్టు ఆడలేదు.

మైదానంలో పోయిన పేరును కొంతవరకు మైకు ముందు సంపాదించుకున్నాడు. స్వాతంత్ర్యానంతరం రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం చేస్తూ శ్రోతలకు పరిచితుడయ్యాడు. సాగదీత ఎక్కువని విమర్శించినవారూ లేకపోలేదు. 1959లో భారత జట్టు ఇంగ్లాండులో పర్యటించినపుడు బీబీసీ ఇతడిని అతిథి వ్యాఖ్యాతగా ఆహ్వానించింది.

1954లో క్రికెట్ నియంత్రణ మండలి అధ్యక్షుడయ్యాడు. 1958లో పద్మభూషణ్ పొందాడు. 1962లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. వారణాసిలో మరణించాడు.