గండికోటకు వచ్చిన వర్తకుడు

ధ్యాన భాగము: రోమా 2:25–29



జమ్మలమడుగునకు చేరువను, పెన్నానది కొండను చీల్చుకొని పోవుచోట, గండికోట యున్నది. 1652 సెప్టెంబరులో ఆ కోటకు ఒక ఫ్రెంచి వర్తకుడు వచ్చెను. గోల్కొండ సుల్తాను సేనాధిపతియైన మీర్ జుమ్లా కోటను పట్టుకొని అక్కడ విడిసియుండెను. ఆయనకు ముత్యములు చూపుటకై ఈ వర్తకుడు మచిలీపట్నములో దిగి, మద్రాసు మీదుగా ప్రయాణమై వచ్చెను. పేరు జాన్ బాప్టిస్ట్ టావెర్నియే. ఆ పేరునకు బాప్తిస్మమిచ్చు యోహాను అని అర్థము.

టావెర్నియే 1605లో పారిస్ నగరమున ఒక ప్రొటెస్టెంటు కుటుంబములో జన్మించెను. తండ్రి భూపటముల వ్యాపారి. కుమారుడు 6 సారులు తూర్పు దేశములకు ప్రయాణము చేసెను. మన దేశమునుండి తెచ్చిన గొప్ప నీలి వజ్రమును 14వ లూయీ రాజు కొని, 1669లో ఆయనను ఘనుల వర్గములో చేర్చెను.

అయితే ఆ రాజే 1685 అక్టోబరులో ప్రొటెస్టెంటు మతమును నిషేధించెను. మందిరములు పడగొట్టబడెను. బోధకులు 15 దినములలో దేశము విడువవలసివచ్చెను. పుట్టిన ప్రతి బిడ్డకు కతోలిక గురువుచేతనే జ్ఞానస్నానము చేయింపవలెనని ఆజ్ఞ పుట్టెను. గురువు ఎదుట జరుగని వివాహము చట్టమున చెల్లకపోయెను. వృద్ధుడైన టావెర్నియే మరల దూరప్రయాణము చేసి, 1689లో రష్యాదేశపు మాస్కోలో కన్నుమూసెను.

ఇట్టి బలవంతము అంతకు ముందును జరిగెను. యూదులు మగబిడ్డకు 8వ దినమున సున్నతి చేయుదురు. 13 ఏండ్లు నిండినప్పుడు ధర్మశాస్త్రమునకు బద్ధునిగా ఎంతురు. కతోలికులు శిశువునకు జ్ఞానస్నానమును, పిమ్మట భద్రమైన అభ్యంగనమును, రోగికి నూనెతో అభ్యంగనమును ఇత్తురు. ఎవరి ఆచారము వారికి ప్రియమే. కాని 1497లో పోర్చుగల్ రాజు యూదుల బిడ్డలను పట్టించి బలవంతముగా బాప్తిస్మమిప్పించెను. నీళ్లు తలమీద పడెను గాని, అనేకుల హృదయము మారలేదు. వారు చాటుగా తమ పితరుల పండుగలను ఆచరించుచునే యుండిరి.

ఫ్రాన్సులోని మన విశ్వాసులును అడవులలో, గుహలలో కూడుకొని, ప్రాణమునకు తెగించి తమ బిడ్డలకు బాప్తిస్మమిప్పించుకొనిరి, వివాహములు జరుపుకొనిరి. వారి జననములు, వివాహములు, మరణములు చట్టప్రకారము నమోదగుటకు 1787 వరకు కనిపెట్టవలసివచ్చెను.

ప్రియులారా, మనకు గుహలు లేవు, భటులు లేరు. బిడ్డను పట్టపగలు గుడికి తెచ్చుచున్నాము. అయితే కొత్త గుడ్డలు, బంధువుల భోజనము, రిజిస్టరులో పేరు, ఇంతటితో ముగించినయెడల, రాజాజ్ఞకు లొంగిన బాప్తిస్మమునకును మన బాప్తిస్మమునకును భేదమేమి? హృదయ సంబంధమైన సున్నతియే సున్నతియని పౌలు బోధించెను గదా. గుడిలో చేసిన ప్రమాణమును ఇంటిలో దీపము పెట్టినవేళ తలంచుకొనుడి. బిడ్డతోకూడ మోకరించి ప్రార్థించుడి. బలవంతముచేత రానిదియు, వాడుకచేత రానిదియునైన విశ్వాసమును ప్రభువు మన యిండ్లలో పుట్టించును గాక. ఆమేన్.