సి. కె. నాయుడు దేహసాధన

కృష్ణా డెల్టాలో వరికోతలు ముగిసి కుప్పలు లేచిన తరువాత, గుడివాడ మొదలు అవనిగడ్డ వరకు మినుము చల్లని చెక్కలన్నీ పిల్లల ఆటస్థలాలవుతాయి. ఆ చలిగాలికి పెద్దలలోనూ కొందరికి దేహపరిశ్రమ మీదికి మనసు పోతుంది. కాలువగట్ల వెంట తెల్లవారుఝాము నడకలు, పెరళ్లలో దండీలు, బస్కీలు ఆరంభమవుతాయి. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. దానితోపాటు ఈ పూనిక కూడా చాలామందిలో పోతుంది. బందరు బడులలోని వ్యాయామోపాధ్యాయులకు ఇది ఏటేటా అనుభవమే. పందెము ముందున్నన్ని నాళ్లూ కుర్రవాడు పరుగెత్తుతాడు. పందెము అయిపోయిన మరునాడు మైదానానికి ఎందుకు రావాలో వానికి తెలియదు.

ఆ మరునాటి సంగతి నేర్చుకోదగిన జీవితం ఒకటున్నది. అది కొఠారి కనకయ్య నాయుడుగారిది. లోకమంతా సి. కె. అని పిలిచిన ఈ క్రికెట్ వీరుని పూర్వీకులది మచిలీపట్టణమని ప్రసిద్ధి. ఓడరేవుగా బందరు వెలిగిన కాలంనుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగాలకై, వ్యాపారాలకై ఉత్తరాదికి, దక్కనుకు తరలిపోయినవి. కొఠారివారు నాగపురంలో స్థిరపడినారు. అక్కడ 1895 అక్టోబరు 31న కనకయ్యగారు జన్మించినారు. తండ్రి సూర్యప్రకాశరావుగారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవారు. క్రికెట్ ఆటలో రుచి ఎరిగినవారు. బందరుకు నోబుల్ విద్యాలయం ఎట్లాగో నాగపురానికి హిస్లాపు విద్యాలయం అట్లా మిషనరీల ప్రతిష్ఠ. కనకయ్యగారి చదువూ, బాల్యంలో ఆటా అక్కడే సాగినవి.

1916లో బొంబాయిలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల జట్టుమీద ఆయన తొలిసారి పెద్ద ఆటకు దిగినారు. ఇరవైయొక్క ఏండ్ల ఆరడుగుల యువకుడు. తన ఖాతాలో మొదటి పరుగులను సిక్సరుతోనే వేసుకొన్నారు. తరువాత కథ అంతా విజయపరంపర అని చదువరులు అనుకోవచ్చును. కాని ఇక్కడే ఒక ముఖ్యవిషయం గమనించవలసి ఉన్నది. ఆనాటికి భారతదేశానికి టెస్టు ఆట లేదు. దేశం పేరిట ఆడగలమన్న ఆశ పెట్టుకొనడానికైనా ఒక తేదీ గాని, ఒక హామీ గాని లేదు. ఆటగాని దేహానికి ఇరవై నుంచి ముప్పది అయిదు వరకు ఉన్న వయస్సు బంగారం వంటిది. ఆ బంగారమంతా నాయుడుగారికి ఎదురుచూపులోనే గడచినది. పదహారేండ్లు! ఈ కాలంలో ఆయన పొట్ట పెంచుకొని, భుజాలు జారవిడిచి, పేరుకు ఆటగాడుగా మిగిలిపోయి ఉంటే తప్పుపట్టేవారెవరూ ఉండరు.

ఆయన అట్లా కాలేదు. 1923లో ఇందూరు హోల్కరు మహారాజు ఆయనను పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ ఉద్యోగమిచ్చినాడు. క్రమంగా కర్నలు అయినారు. సైనికోద్యోగం పేరుకు మాత్రమేనని కొందరు అనవచ్చును గాని, కవాతు మైదానపు క్రమశిక్షణ ఆయన నడకలో, నిలుపులో జీవితాంతం కనిపించినది. 1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఎం.సి.సి. జట్టుమీద బొంబాయి జింఖానా మైదానంలో ఆయన 116 నిమిషాలలో 153 పరుగులు చేసినారు. అందులో సిక్సర్లే పదకొండు. చెట్లెక్కి, మేడలెక్కి జనం ఆ ఆట చూచినారు. భారతదేశానికి టెస్టు అర్హత ఉన్నదన్న నమ్మకం ఇంగ్లీషువారికి కలగడంలో ఆ ఒక్క ఆటకు చాలా భాగమున్నది.

తుదకు 1932 జూన్ 25న లండనులోని లార్డ్సు మైదానంలో భారతదేశం తన మొదటి టెస్టు ఆడినది. జట్టుకు నాయకుడుగా వెళ్లిన పోరుబందరు మహారాజు తప్పుకొనగా నాయకత్వం నాయుడుగారికి లభించినది. అప్పటికి ఆయనకు ముప్పదియారు ఏండ్లు నిండి ఎనిమిదవ నెల సాగుతున్నది. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా, ఆ చేతితోనే ఆడి మొదటి ఇన్నింగ్సులో జట్టులో అందరికన్న ఎక్కువగా 40 పరుగులు చేసినారు. ఆట ఓడిపోయినాము.

దేహసాధన విషయంలో ఆ 40 పరుగులకన్న పెద్ద లెక్క ఒకటున్నది. ఆ యాత్రలో ప్రథమశ్రేణి ఆటలు ఇరవై ఆరు. నాయుడుగారు ఇరవై ఆరూ ఆడినారు. చలి, వాన, రైలుప్రయాణాలు, అలవాటులేని తిండి; ఒక్కొక్క ఆట మూడేసి దినాలు. ఆయనకన్న పదేండ్లు, పదిహేనేండ్లు చిన్నవారు మధ్యమధ్య విశ్రాంతి తీసుకొంటూ ఉండగా ఆయన ఒక్కటీ మానలేదు. 1,618 పరుగులు చేసినారు, బంతి వేసి 65 వికెట్లు పడగొట్టినారు. బర్మింగుహాములో ఆయన కొట్టిన బంతి ఒకటి రియా నదిని దాటి పక్క కౌంటీలో పడినది. ఆ ఏరు చిన్నదేనన్న సంగతి చెప్పక తప్పదు గాని, దెబ్బ మాత్రం చిన్నది కాదు. మరుసటి యేడు విజ్డెన్ గ్రంథం ఆ సంవత్సరపు అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఆయనను చేర్చినది. నది దాటిన సిక్సరును జనం నేటికీ చెప్పుకొంటారు. మానని ఇరవై ఆరు ఆటలను ఎవరూ చెప్పుకొనరు.

టెస్టు జీవితం త్వరలోనే ముగిసినది. 1933-34లో స్వదేశంలో జార్డిను జట్టుమీద మరల నాయకత్వం వహించి, బొంబాయిలో అమరనాథ్‌తో కలిసి 186 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పినారు. 1936 ఇంగ్లండు యాత్రకు నాయకత్వం విజయనగరం మహారాజకుమారునికి దక్కినది. నలుబదియవ యేట, నాయకుడుగా ఉండి సామాన్యునిగా మారడం ఏ మనిషికైనా చేదే. ఆ యాత్రలో చివరి టెస్టు ఓవల్ మైదానంలో జరిగినది. అలెన్ వేసిన బంతి ఒంటికి బలంగా తగిలినా నిలిచి నాయుడుగారు 81 పరుగులు చేసినారు. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు అదే. ఆ తరువాత ఆయన మరి టెస్టు ఆడలేదు. మొత్తం ఆడినవి ఏడే.

పందెము అయిపోయినది. అప్పుడే ఆయన జీవితంలో అసలైన మరునాడు వచ్చినది.

కూచిపూడిలో బాలునికి అడుగులు నేర్పే గురువు రేపటి ప్రదర్శన సంగతి తలచడు. సాధకం చేయించడమే ఆ దినపు పని. దివిసీమవారికి ఇది కొత్త కాదు. నాయుడుగారి దేహసాధన కూడ ఈ జాతిదే. టెస్టు ఉన్నా లేకున్నా ఆట తన నిత్యకృత్యం. దానికి దేహం సిద్ధంగా ఉండడం తన బాధ్యత. 1941లో ఒక కాలేయపు టానిక్కు ప్రకటనకు ఆయన బొమ్మ వాడుకొన్నారు. మన ఆటగాళ్లలో సరకుల ప్రకటనకెక్కిన మొదటివాడు ఆయనే అంటారు. ఆయన ఓపిక ఆ సీసాలోనిదని నమ్మి కొన్నవారు ఎందరో! హోల్కరు జట్టులో ఆయన క్రింద తరిఫీదు పొందినవారికి మాత్రం అది ఎక్కడిదో తెలుసు. ఆయన తమ్ముడు సి. ఎస్. నాయుడు 1944-45 రంజీ ఫైనలులో బొంబాయిమీద ఒక్క ఆటలో 917 బంతులు వేసినారు. ప్రపంచంలో మరెవరూ ఒక్క ప్రథమశ్రేణి ఆటలో అన్ని వేయలేదు. అన్నగారి నాయకత్వంలో హోల్కరు జట్టు 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాలలో రంజీ కప్పు గెలుచుకొన్నది. మొదటి గెలుపులో, బరోడామీద జరిగిన ఫైనలులో, ఏబదియేండ్ల నాయుడుగారు 200 పరుగులు చేసినారు.

ఆయన మృదుస్వభావి కారు. ఆలస్యంగా వచ్చినవారిని, ఒళ్లు వంచనివారిని సహించేవారు కారు. దెబ్బ తగిలినప్పుడు ఆ చోటు రుద్దుకొనడం కూడ తన జట్టువారికి నిషేధమని చెప్పుకొనేవారు. 1951-52లో ఫడ్కరు బంతి ఎగసి మొగమున తగిలి రెండు పళ్లు ఊడినప్పుడు, ఏబదియారేండ్ల నాయుడుగారు మైదానం విడువక ఆట కొనసాగించినారు. ఈ ఘట్టాన్ని ఉపాధ్యాయులు తరగతిలో చెప్పేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం. మొగానికో తలకో దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి ఆటనుంచి తప్పించి వైద్యునికి చూపించడమే నేటి పద్ధతి. అదే సరియైన పద్ధతి. నాయుడుగారినుంచి నేర్చుకోవలసినది బాధ దాచుకొనడం కాదు. మరునాడు తిరిగి మైదానానికి వెళ్లడం.

ఆంధ్రరాష్ట్రం 1953 అక్టోబరు 1న అవతరించినది. ఆ శీతకాలమే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ పోటీలకు దిగినది. ఏబదియెనిమిదేండ్ల నాయుడుగారు దానికి నాయకత్వం వహించినారు. పుట్టింది నాగపురం, బ్రతికింది ఇందూరు; అయినా పూర్వీకుల భాష మాట్లాడే జట్టు కాళ్లు నిలదొక్కుకొనే సమయంలో వచ్చి ముందు నిలిచినారు. ఆయన కొడుకుల వయస్సువారు ఆ జట్టులో ఉన్నారు. పద్మభూషణ్ బిరుదు పొందిన తొలి క్రికెట్ ఆటగాడు ఆయనే. బిరుదు వచ్చిన తరువాతనైనా విశ్రమించినారా అంటే, 1956-57లో అరువదియొకటవ యేట ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయకుడుగా మరల రంజీలో కనిపించినారు.

ఆ పిమ్మట కొంతకాలం విరామం. 1963-64లో మహారాష్ట్ర గవర్నరు పక్షాన, ముఖ్యమంత్రి పక్షంమీద జరిగిన ఒక ప్రథమశ్రేణి ఆటలో ఆయన మరొకసారి బ్యాటు పట్టుకొని మెట్లు దిగినారు. అప్పటికి ఆయనకు అరువదియెనిమిదేండ్లు. 1916లో కట్టిన ప్యాడ్లను విప్పడానికి నలుబదియేడేండ్లు పట్టినది. 1967 నవంబరు 14న ఇందూరులో నాయుడుగారు మరణించినారు. డెబ్బది రెండు నిండి అప్పటికి సరిగా రెండు వారాలు.