తవ్వకముందే అడగాల్సిన డాక్టర్

పనామా కాలువ అనగానే మన సివిల్ వాళ్లు లాక్ గేట్ల గురించి, గాటున్ డ్యామ్ గురించి మొదలుపెడతారు. అవి గొప్పవే, కాదనను. కానీ ఆ కాలువ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఇంజనీర్ కాదు, డాక్టర్. పేరు విలియం క్రాఫర్డ్ గోర్గస్. ఇంత పెద్ద ప్రాజెక్టులో ఒక ఆరోగ్య అధికారికి ఏం పని అని ఎవరైనా అడిగితే, నేను ఈయన జీవితమే చెప్తాను.

గోర్గస్ 1854లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పుట్టాడు. నాన్న జోసయా గోర్గస్ సైన్యంలో పెద్ద అధికారి. కొడుక్కీ సైనికుడు అవ్వాలనే పిచ్చి. కానీ వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో సీటు రాలేదు. డాక్టర్ అయినా సైన్యంలోకి వెళ్లొచ్చు కదా అని న్యూయార్క్‌లో మెడిసిన్ చదివి, 1880లో ఆర్మీ డాక్టర్‌గా చేరాడు. ఎంసెట్ భాషలో చెప్పాలంటే, వెబ్ ఆప్షన్లలో వైద్యం ఆయనకి మొదటిది కాదు.

టెక్సస్‌లోని ఫోర్ట్ బ్రౌన్‌లో ఉన్నప్పుడు అక్కడ ఎల్లో ఫీవర్ వచ్చింది. గోర్గస్‌కీ సోకింది, బతికి బయటపడ్డాడు. ఆ జబ్బు ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకి మళ్లీ రాదు. అందుకే ఆ తర్వాత ఎల్లో ఫీవర్ ఉన్న చోటికల్లా ఆయన్నే పంపడం మొదలుపెట్టారు. అదే జ్వరం బారిన పడి కోలుకున్న మేరీ డౌటీ అనే ఆవిడని 1885లో పెళ్లి చేసుకున్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఫ్రెంచివాళ్ల దగ్గరికి వెళ్లాలి. సూయెజ్ కాలువ కట్టించిన డి లెసెప్స్ నాయకత్వంలో వాళ్లు 1881లో పనామాలో తవ్వకం మొదలుపెట్టారు. డబ్బుంది, యంత్రాలున్నాయి, మంచి ఆసుపత్రులు కూడా కట్టారు. ఆ ఆసుపత్రుల్లో చీమలు పాకకుండా మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు. తోటలో మొక్కల చుట్టూ కూడా నీళ్లు నిలబెట్టేవాళ్లు. ఆ నీళ్లలో దోమలు పెరిగాయి. రోగిని కుట్టిన దోమే పక్క మంచంలో వాణ్ణి కుట్టేది. కాలు విరిగి చేరినవాడు జ్వరంతో చనిపోయేవాడు. 1889లో కంపెనీ దివాలా తీసింది. అప్పటికి చనిపోయినవాళ్లు సుమారు 22,000 మంది అని తర్వాత గోర్గసే అంచనా వేశాడు.

విచిత్రం ఏంటంటే, ఎల్లో ఫీవర్‌ని దోమ మోస్తుందని క్యూబా డాక్టర్ కార్లోస్ ఫిన్లే ప్రతిపాదించింది కూడా అదే 1881లో. దాదాపు ఇరవై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

1898లో గోర్గస్ క్యూబా రాజధాని హవానాకి ఆరోగ్య అధికారిగా వెళ్లాడు. మొదట్లో ఆయనా దోమ సంగతి నమ్మలేదు. మురికే కారణం అనుకుని ఊరంతా కడిగించాడు. ఊరు అద్దంలా మెరిసింది, జ్వరం మాత్రం తగ్గలేదు. 1900లో వాల్టర్ రీడ్ బృందం ఫిన్లే చెప్పింది నిజమేనని ప్రయోగాలతో తేల్చింది. అంతే, గోర్గస్ పద్ధతి మార్చేశాడు. నీళ్ల తొట్లకి మూతలు, నిలవ నీటి మీద కిరోసిన్, రోగులున్న గదులకి జాలీలు. దోమ పిల్ల నీటి పైకి వచ్చి గాలి పీలుస్తుంది. పైన నూనె పొర ఉంటే ఊపిరాడక చస్తుంది. ఇంతే టెక్నాలజీ! 1901లో, నెలల్లోనే, హవానాలో ఎల్లో ఫీవర్ ఆగిపోయింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1897లో, మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనాఫిలస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అంటే రెండు జబ్బుల గుట్టూ అప్పటికే తెలుసు.

1904లో అమెరికా పనామా పని చేపట్టి గోర్గస్‌ని పంపింది. ఇంత తెలిశాక ఆయన మాట వినాలి కదా? వినలేదు. ప్రాజెక్టుని నడిపే కమిషన్‌లో ఆయనకి కుర్చీ లేదు. జాలీలు కావాలన్నా, మందులు కావాలన్నా అర్జీ పెట్టుకుని ఎదురుచూడాలి. కమిషన్ ఛైర్మన్ అడ్మిరల్ వాకర్‌కి దోమల సిద్ధాంతం ఉత్త చాదస్తంలా కనిపించింది. వాళ్లందరి తొందర ఒక్కటే, తవ్వకం.

1905లో ఎల్లో ఫీవర్ మళ్లీ విరుచుకుపడింది. భయంతో జనం ఓడలెక్కి పారిపోయారు. చీఫ్ ఇంజనీర్ వాలెస్ రాజీనామా చేశాడు. కొత్త ఛైర్మన్ గోర్గస్‌నే తీసేద్దామన్నాడు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ తనకి తెలిసిన వైద్యుల్ని సలహా అడిగి, గోర్గస్ పక్షాన నిలబడ్డాడు.

మన ఇంజనీరింగ్ వాళ్లం గుర్తుంచుకోవాల్సిన పేరు ఇంకొకటి ఇక్కడ ఉంది. కొత్త చీఫ్ ఇంజనీర్ జాన్ స్టీవెన్స్. ఆయన రాగానే తవ్వకం ఆపించేశాడు. ముందు ఇళ్లు, తిండి, ఆరోగ్యం, తర్వాతే మట్టి పని అని తేల్చాడు. గోర్గస్‌కి అడిగినంత మందిని, అడిగినన్ని సామాన్లు ఇచ్చాడు. 4,000 మంది దోమల పని మీదే తిరిగారు. ఇల్లిల్లూ పొగబెట్టారు. పనామా సిటీకి, కొలోన్‌కి పైపుల్లో నీళ్లు ఇచ్చారు. కుండల్లో నిలవ చేసుకునే అవసరం లేకపోతే ఎల్లో ఫీవర్ దోమకి ఇల్లే ఉండదు. 1906 దాటేసరికి కాలువ ప్రాంతంలో ఆ జ్వరం లేదు.

మలేరియా మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. దాని దోమ చిత్తడి నేలల్లో, గడ్డి గుంటల్లో పెరుగుతుంది. పైగా కాలువ తవ్వడమే కొత్త గుంటల్ని పుట్టిస్తుంది. ప్రాజెక్టే జబ్బుకి ఇల్లు కడుతుందన్నమాట. 1906లో 26,000 మంది ఉద్యోగుల్లో 21,000 మందికి పైగా మలేరియాతో ఆసుపత్రి పాలయ్యారు. 1912లో ఉద్యోగులు 50,000 దాటినా, అలా చేరినవాళ్లు సుమారు 5,600 మంది. 1907లో గోర్గస్‌ని కమిషన్ సభ్యుడిగా తీసుకున్నారు. మూడేళ్లు పట్టింది, ఆ కుర్చీకి.

అయితే ఈ కథ అందరికీ ఒకేలా జరగలేదు. పనివాళ్లలో ఎక్కువమంది బార్బడోస్, జమైకా లాంటి దీవుల నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు. తెల్లవాళ్ల ఇళ్లకి జాలీలు వేశారు, వీళ్లలో చాలామంది జాలీలు లేని గదుల్లోనే ఉన్నారు. వీళ్లని న్యుమోనియా ఎక్కువగా చంపింది. అమెరికా కాలంలో లెక్కకెక్కిన 5,609 మరణాల్లో ఎక్కువ భాగం వీళ్లవే. కిక్కిరిసిన బ్యారక్‌ల కంటే విడి గుడిసెల్లో ఉంటే న్యుమోనియా తగ్గుతుందని గోర్గస్ గమనించాడు. 1913లో దక్షిణాఫ్రికా బంగారు గనుల వాళ్లు పిలిచినప్పుడు, గని కూలీల విషయంలో అదే సలహా ఇచ్చాడు.

1914 ఆగస్టు 15న కాలువ తెరిచారు. అదే ఏడాది గోర్గస్ అమెరికా సైన్యానికి సర్జన్ జనరల్ అయ్యాడు. 1920 జులైలో లండన్‌లో చనిపోయాడు. ఆసుపత్రిలో ఉండగా ఇంగ్లాండ్ రాజు అయిదో జార్జి స్వయంగా వచ్చి సర్ బిరుదు ఇచ్చాడు.

పర్యావరణ ప్రభావ అంచనా అనే మాట అప్పటికి పుట్టలేదు. అమెరికాలో అది 1969 చట్టంతో వచ్చింది. మన దేశంలో మొదటి నోటిఫికేషన్ 1994లో, ఇప్పుడు నడుస్తున్నది 2006లో వచ్చాయి. ప్రజాభిప్రాయ సేకరణ జరగాల్సిన ప్రాజెక్టుకి రిపోర్టు సారాంశం స్థానిక భాషలో, అంటే మన దగ్గర తెలుగులో కూడా, ఇవ్వాలి. మీ ఊరి దగ్గర ఏదైనా పెద్ద ప్రాజెక్టు వస్తుంటే ఆ సారాంశం అడిగి తీసుకోండి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, కూలీలు ఎక్కడ పడుకుంటారు, వాళ్లు తాగేది ఏ నీళ్లు, ఈ మూడు ప్రశ్నలకి అందులో జవాబు ఉందేమో వెతకండి. లేకపోతే సభలో లేచి అడగండి. రేపు అలాంటి ప్రాజెక్టుల్లో సాఫ్ట్‌వేర్ రాసేది, కాంక్రీట్ పోసేది మనమే. డాక్టర్ చెప్పేదాకా తవ్వకం ఆపగలిగే స్టీవెన్స్ కూడా మనలోంచే రావాలి.