మొగలులను నిలువరించిన చాంద్ బీబీ

నాలుగు వందల ఏళ్ళ కిందట అక్బరు సైన్యాన్ని కోట గుమ్మం దాటనీయక నిలువరించిన దక్కను వీరవనిత చాంద్ బీబీ. ఆమె అహ్మద్‌నగర్ సుల్తాను హుస్సేన్ నిజాం షా కుమార్తె. 1565లో రక్కసి తంగడి వద్ద విజయనగరాన్ని ఓడించిన సుల్తానులలో ఆయన ఒకరు. ఆ యుద్ధానికి ముందు, పొత్తు కుదరడం కోసం ఆమెను బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్ షాకు ఇచ్చి పెళ్ళి చేశారు.

1580లో భర్త హత్యకు గురయ్యాడు. వారికి సంతానం లేదు. తొమ్మిదేళ్ళ ఇబ్రహీం గద్దెనెక్కగా, బాలుని ఆలనాపాలనా, రాజ్యభారం ఆమెపై పడ్డాయి. పెత్తనం కోసం సర్దారులు కుట్రలు పన్నారు. కిష్వర్ ఖాన్ అనే సర్దారు ఆమెను సతారా కోటలో బంధించాడు. హబ్షీ సర్దారులు తిరగబడటంతో అతను పారిపోయాడు, ఆమె విడుదలయింది. కొన్నేళ్ళకు పుట్టింటికి చేరింది.

అక్కడా కుదురు లేదు. 1595లో అహ్మద్‌నగర్ సుల్తాను యుద్ధంలో చనిపోయాడు. సర్దారులు నాలుగు వర్గాలుగా చీలిపోయారు. వారిలో మియాన్ మంజూ అనే అతను మొగలులను సాయం పిలిచాడు. అక్బరు కుమారుడు మురాద్ వచ్చి కోటను ముట్టడించాడు. పిలిచినవాడు కోట విడిచిపోయాడు. చనిపోయిన సుల్తాను పసిబిడ్డ బహదూర్ పక్షాన చాంద్ బీబీ కోట బాధ్యత తలకెత్తుకుంది.

మొగలులు గోడ కింద సొరంగాలు తవ్వి మందు కూరారు. లోపలివారు కొన్నింటిని పసిగట్టి మందు తీసివేశారు. 1596 ఫిబ్రవరిలో మిగిలిన ఒకటి పేలి గోడ కూలింది. కాపలావారు బెదిరిపోయారు. ఆమె ముసుగు వేసుకొని, కత్తి చేతబట్టి గండి వద్ద నిలిచింది. తెల్లవారేలోగా గండి పూడ్పించింది. బీజాపూరు, గోల్కొండ సైన్యాలు కూడా సాయానికి బయలుదేరాయి. మురాద్ సంధికి దిగాడు. బీరారు మొగలులకు పోయింది. అహ్మద్‌నగర్ బహదూర్‌కు దక్కింది.

సంధి నిలవలేదు, సర్దారుల కలహాలూ ఆగలేదు. 1600లో అక్బరు మరో కుమారుడు దానియాల్ కోటను ముట్టడించాడు. ఈసారి గెలుపు అసాధ్యమని, కోట అప్పగించి బాలుని ప్రాణం కాపాడుకోవాలని ఆమె తలచింది. ఆ మాట హమీద్ ఖాన్ అనే అధికారికి చెప్పింది. అతను వీధిన పడి, ఆమె శత్రువుతో చేయి కలిపిందని చాటాడు. నిజానిజాలు విచారించినవారు లేరు. గుంపు లోపలికి చొరబడి ఆమెను చంపింది.

అదే ఏడాది కోట మొగలుల వశమైంది. బహదూర్‌ను గ్వాలియరు కోటలో ఖైదు చేశారు. కూలిన గోడను ఒక్క రాత్రిలో నిలబెట్టుకున్న కోట, ఒక్క పుకారుతో తన దిక్కును తానే పోగొట్టుకుంది.