మూడోసారికి మెట్రిక్ గట్టెక్కిన కుర్రాడికి మెడికల్ సీటు వస్తుందా?

పుదుచ్చేరిలోని జిప్‌మర్‌కు 2019 వరకు సొంత ప్రవేశ పరీక్ష ఉండేది. 2020 నుంచి అదీ నీట్‌లో కలిసిపోయింది. ఫలితాలు రాగానే తెలుగు ఇళ్లలో లెక్కలు మొదలవుతాయి. ఇన్ని మార్కులకు ఎంత ర్యాంకు, నిరుడు ఈ కేటగిరీలో ఎక్కడ ఆగింది, స్థానిక కోటాలో చూస్తే ఎలా, లాంగ్ టర్మ్ పెడితే ఎలా? పుదుచ్చేరిలో 2023 నుంచి ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు పది శాతం కోటా కూడా ఈ లెక్కల్లో చేరింది.

ఇదే లెక్క 1910ల తొలినాళ్లలో యల్లాప్రగడ సుబ్బారావుకు వేసి ఉంటే ఆశ పెట్టుకోవద్దనే సమాధానమే వచ్చేది. ఆయన మేధ నుంచి వచ్చిన ఒక మాత్ర దశాబ్దాల తర్వాత ఇదే పుదుచ్చేరిలో ఇంటింటికీ చేరింది.

చదువు మీద ధ్యాస లేని పిల్లాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యంతో ముందే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. ఏడుగురు పిల్లల ఇల్లు. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు కాశీ బయల్దేరాడు. భక్తికి కాదు, యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే డబ్బు వస్తుందని. తల్లి వెంకమ్మ దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు.

రాజమండ్రిలో చదువు సాగలేదు. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. చివరికి మద్రాసులోని హిందూ హైస్కూల్లో చేరి మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. ఈలోగా తండ్రి పోయారు. కొడుకు చదువు కోసం తల్లి నగలు అమ్ముకున్నారని చెబుతారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ససేమిరా అన్నారు. సేవే చేయాలనుకుంటే వైద్యం చదవమని మఠంలోని పెద్దలు సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీ వైపు నడిచారు. అప్పటికి తెలుగు జిల్లాల్లో వైద్య పట్టా ఇచ్చే కళాశాలే లేదు. విశాఖలో అది మొదలైంది 1923లో. గోదావరి పిల్లాడికి డాక్టరు కావాలని ఉంటే మద్రాసు రైలెక్కాల్సిందే, అక్కడ గది అద్దె, భోజనం ఖర్చు భరించాల్సిందే.

ఆ ఖర్చు మొదట స్నేహితులు, ఆ తర్వాత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి భరించారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహమైంది. తప్పినా పట్టు వదలని వీరుడిగానే సుబ్బారావు కథను తరచూ చెబుతుంటారు. అందులో ఈ మామగారి వాటా కాస్త చిన్నదైపోతుంది. ర్యాంకు ఒక్కటే సీటు ఇవ్వదని కౌన్సెలింగ్‌లో ఫీజుల పట్టిక చూసిన ఏ తండ్రికైనా తెలుసు.

ఖద్దరు గౌను, తగ్గిన పట్టా

సీటు వచ్చాక కూడా గండం తీరలేదు. గాంధీ పిలుపు విని సుబ్బారావు విదేశీ వస్త్రం వదిలేశారు. శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు గౌనుతో వెళ్లారు. ఇది సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి సుబ్బారావు చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్. ఆ ఖద్దరే కారణమని జీవితచరిత్రకారుల మాట. మద్రాసు ప్రభుత్వ వైద్య సేవలో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధిస్తూ గడిపారు.

ఇంట్లో చావులు ఆగలేదు. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. తిన్నది వంటబట్టక, రక్తం తగ్గి మనిషి క్షీణించిపోయే జబ్బది. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

ఇక అమెరికా వెళ్లాలనుకున్నారు. హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో ప్రవేశం దొరికింది, ఉపకార వేతనం దొరకలేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది. మిగతా డబ్బు మళ్లీ మామగారే సర్దారు. 1922 అక్టోబర్ 26న సుబ్బారావు బోస్టన్ చేరారు. మద్రాసు ఎల్ఎంఎస్‌ను అక్కడ ఆసుపత్రి ఇంటర్న్‌షిప్‌కు సరిపోయే అర్హతగా చూడలేదు. డాక్టరుగా పనికిరాని మనిషి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరి, రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. పగలు చదువుకున్నారు.

ఇంటి దగ్గర శేషగిరికి కొడుకు పుట్టాడు. తండ్రి చూడకుండానే పసితనంలో పోయాడు. సుబ్బారావు తిరిగి రాలేదు, భార్యను మళ్లీ చూడలేదు. ఆయన విజయాల జాబితా ఎంత పొడుగైనా ఈ రెండు వాక్యాల బరువు తగ్గదు.

ప్రయోగశాలలో

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా తీసుకున్నాక హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్రంలోకి మారారు. సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది తరతరాల జీవరసాయన విద్యార్థులకు పాఠమైంది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వెలుగులోకి తెచ్చారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా గుర్తించారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌కు, లెడర్లీ సంస్థకు వెళ్లి, తర్వాత పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూ అదే ఫోలిక్ ఆమ్లానికి లొంగిందని 1940ల మధ్యలో చికిత్సల్లో తేలింది. ఆ అణువులోనే చిన్న మార్పులు చేస్తే కణాల పెరుగుదలను అడ్డుకునే మందులు వచ్చాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా జబ్బును వెనక్కి నెట్టారు. కీమోథెరపీ చరిత్రలో అదొక మొదటి మెట్టు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నదీ సుబ్బారావు నడిపిన ఆ విభాగంలోనే.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. మందు కోసం వెతుకులాట మొదలైంది. 1947లో లెడర్లీ బృందం డైఇథైల్ కార్బమజైన్‌ను ప్రకటించింది. వాణిజ్య నామం హెట్రజాన్, మనకు తెలిసిన పేరు డీఈసీ. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు గుండెపోటుతో మరణించారు.

బోదకాలు పుదుచ్చేరికి పాత శత్రువు. మురుగు కాలువల్లో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోసుకొస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి 1975లో కీటక నియంత్రణ పరిశోధన కేంద్రాన్ని ఇక్కడే పెట్టింది. 1981 నుంచి ఐదేళ్లు ఆ కేంద్రం పట్టణంలో దోమ పుట్టే చోట్ల మీదే దృష్టి పెట్టి ఫైలేరియాను అదుపు చేసే ప్రయత్నం చేసింది. దేశవ్యాప్త నిర్మూలన కార్యక్రమం 2004లో మొదలయ్యాక వ్యాధి ఉన్న ప్రాంతాల్లో ఏటా సామూహికంగా డీఈసీ పంచారు, పుదుచ్చేరి కూడా వాటిలో ఒకటి. తలుపు తట్టిన ఆరోగ్య కార్యకర్త వయసు చూసి మాత్రలు లెక్కపెట్టి ఇచ్చి, తన ముందే మింగమంటారు. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు.